రెండు మంచాల గది

తాడేపల్లిగూడెం,
ఆగస్టు.

మీరాకు, నీ కాశింబీ సలాం.

ఈ ఉత్తరం చింపకుండా చదువుతావన్న నమ్మకం లేదు. అయినా రాస్తున్నాను. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. కాగితమైతే చింపేలోపు రెండు ముక్కలైనా కంట్లో పడతాయి కదా.

ఇక్కడ వానలు. ఉల్లిపాయల లారీలు తడిసిపోయి యార్డంతా కుళ్ళు వాసన కొడుతోంది. మా ఆయన పొద్దస్తమానం కొట్లోనే ఉంటున్నారు. నా ఆరోగ్యం పరవాలేదు.

విజయవాడ నుంచి ట్రావెల్స్ ఖలీలుల్లా గారు ఫోను చేశారు. మక్కాకు ఉమ్రా యాత్రకు వెళదామని మనిద్దరం పేర్లు రాయించుకున్నాం, గుర్తుందా? ఆడవాళ్ళ బృందం జనవరిలో బయలుదేరుతుందట. ఆయనకు మన సంగతులేమీ తెలియవు. "మీ ఇద్దరినీ ఒకే గదిలో వేశానమ్మా. మక్కాలో రెండు చోట్లున్నాయండి. ఒకటి మసీదుకి దగ్గరండి, లిఫ్టు దిగితే ఎదురుగా వాకిలే, రెండు మంచాల గది. ఇంకోటి దూరమండి, బస్సెక్కి రావాలి, గదికి నలుగురేసి. మీరూ మీరాబీ గారూ మాట్లాడుకుని ఏదో ఒకటి చెప్పండమ్మా" అన్నారు. మాట్లాడుకుని చెబుతామన్నాను. ఇంకేమనను?

నీ మోకాళ్ళతో బస్సు మెట్లు ఎక్కలేవు. దగ్గరిదే తీసుకుందామని నా కోరిక. కిటికీ పక్క మంచం నువ్వే తీసుకో. ఏలూరులో చిన్నప్పటి నుంచీ మనం కలిసి నేసిన తివాచీల మగ్గం దగ్గర కూడా వెలుతురు వైపు నువ్వే కూర్చునేదానివి. నమూనా చూసి నువ్వు రంగు చెప్పేదానివి, నేను ముడి వేసి "వేశా" అనేదాన్ని. నేను ఆ మాట అనేదాకా నువ్వు తర్వాతి ముడికి పోయేదానివి కాదు. ఆ మగ్గం బల్ల మీద కూర్చునే కదా, ఎప్పటికైనా మక్కాకు కలిసే వెళ్ళాలని అనుకున్నాం.

ఉమ్రాకు వెళ్ళే ముందు అందరి దగ్గరా మాఫీ అడగడం మన ఆనవాయితీ. తెలిసి గానీ తెలియక గానీ నా వల్ల నీకు ఏదైనా కష్టం కలిగి ఉంటే అల్లా కోసం నన్ను మాఫ్ చెయ్యి.

నీ
కాశింబీ

&nbsp;

ఏలూరు, తంగెళ్ళమూడి,
ఆగస్టు.

కాశింబీకి,

చింపాను. చింపాక ముక్కలు ఏరుకుని, నేల మీద పేర్చుకుని మళ్ళీ చదివాను. ఆ మాట నువ్వు నిజంగానే రాశావా, నాకే మతి పోయిందా అని. "ఏదైనా కష్టం కలిగి ఉంటే." ఏదైనానా? నీ చేతికి పురుగులు పట్టా, ఆ మాట ఎలా రాయగలిగావే?

నీకు రాయడం రాకపోతే నేను రాస్తాను చూడు. నీ కొడుకు సుభానీ నా కొడుకు నాగూర్ వలిని పారతో నరికి చంపాడు. ముదినేపల్లి దగ్గర, ఇద్దరూ కలిసి కౌలుకు తీసుకున్న చేపల చెరువు గట్టు మీద. మబ్బు పట్టింది, గాలి ఆడలేదు, చేపలు ఊపిరందక తేలిపోయాయి. మబ్బుకు ఎవరేం చేస్తారు? నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పకుండా పడుకున్నావని వలి మీదికి వెళ్ళాడు నీ కొడుకు. చెయ్యి అడ్డం పెట్టాడు నా బిడ్డ. వేళ్ళు పోయాయి. తర్వాత మెడ. వాళ్ళ అరుపులు విని కాపలా ఏసోబు మేత పడవ దిగి వచ్చేసరికి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్న చేపల మధ్య బోర్లా పడి ఉన్నాడు. నరికినవాడు లేడు, పార లేదు. కళ్ళారా చూసినవాడూ లేడు.

నాకు ముఖం మాత్రమే చూపించారు. మెడ దాకా కఫన్ గుడ్డ చుట్టారు. నేను చూస్తుండగానే ఆ గుడ్డ ఎర్రబడింది. మగవాళ్ళు నన్ను పక్కకు లాగి గుడ్డ మార్చారు. మళ్ళీ ఎర్రబడింది. దీన్ని నువ్వు కష్టం అంటావా?

ఆ సాయంత్రం సుభానీ తాడేపల్లిగూడెంలో నీ వంటింట్లో కూర్చుని అన్నం తింటున్నాడని పోలీసులకు చెప్పావు. డిసెంబరులో కోర్టుకు వచ్చి అదే చెబుతావు. నీ లాయరు నిన్నే నమ్ముకున్నాడట. చెప్పుకో. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ సాయంత్రం ఏం కూర వండావే?

గది సంగతి. నాతో ఒక గదిలో పడుకున్నావంటే మళ్ళీ లేవవు. తలగడ నీ ముఖాన పెట్టి ఎక్కి కూర్చుంటాను. పాడైంది మోకాళ్ళే. చేతులు బాగానే ఉన్నాయి. జీవితమంతా ముడులు బిగించిన చేతులు. ఖలీలుల్లాకు ఫోను చేసి నీ పేరు తీయించుకో.

మీరాబీ

&nbsp;

తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు.

మీరాకు సలాం.

నీ ఉత్తరం మా ఆయన కంట పడకుండా బియ్యం డబ్బాలో దాచాను. బియ్యం తీసినప్పుడల్లా చేతికి తగులుతోంది. చదివి భయపడ్డాను. భయపడలేదంటే అబద్ధం.

అయినా నాకు ఆ రెండు మంచాల గదే కావాలి. ఎందుకో చెబుతాను, ఓపిక పట్టు.

ఏలూరులో నీ వాకిట్లో నేను అడుగు పెట్టలేను. వలి పోయిన మూడో రోజున వచ్చాను కదా. గఫూర్ నన్ను జుట్టు పట్టుకుని వీధి దాకా ఈడ్చాడు. ఒకప్పుడు నేను నీళ్ళు పోసి, తల దువ్వి పెంచిన నీ చిన్నకొడుకే. కాలితో తన్నితే డొక్కలో పడింది. ఇప్పటికీ దగ్గితే అక్కడ లాగుతుంది. నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. ఆపలేదు. దానికి నాకు కోపం లేదు, నీ స్థానంలో ఉంటే నేనూ ఆపేదాన్ని కాదు. ఇక్కడ మా ఇంట్లో నీ పేరెత్తితే మా ఆయన చెయ్యి లేపుతారు. మనిద్దరం ఎదురెదురుగా కూర్చోవడానికి ఈ రెండు ఊళ్ళలో జానెడు చోటు లేదు.

మక్కాలో ఉంది. ఇహ్రాం కట్టి దీక్షలో ఉన్నన్నాళ్ళూ దోమను కూడా చంపకూడదు. పేను కనపడినా వదిలెయ్యాలి. తలలో వెంట్రుక పీకకూడదు, పచ్చగడ్డి తుంచకూడదు. నువ్వు నమాజు తప్పినదానివి కాదు, ఆ నియమం దాటవు. లోకంలో నువ్వు నన్ను చంపలేని చోటు ఆ ఒక్కటే మీరా. చంపలేవు కాబట్టి నా ముఖం చూస్తావు. తిట్టుకోవడం, ఏడవడం, ఏదైనా అక్కడే. అందుకే నాకు నలుగురి గది వద్దు. పరాయివాళ్ళ ముందు నువ్వు నన్ను తిట్టవు, మర్యాదగా "ఏవండీ" అంటావు. నువ్వు నన్ను "ఏవండీ" అంటే నేను తట్టుకోలేను.

ఏం కూర అని అడిగావు. దానికి జవాబు రాయలేను.

కాశింబీ

&nbsp;

ఏలూరు,
అక్టోబరు.

కాశింబీకి,

తెలివైనదానివే. చిన్నప్పుడు కూడా అంతే. గట్టిగా కొట్టబోతే ఖురాన్ పెట్టిన అలమారా దగ్గరికి పరిగెత్తేదానివి, అక్కడ కొట్టనని తెలుసు కాబట్టి. కానీ ఇహ్రాం ఎంతసేపే? ఉమ్రా ముగించి జుట్టు కొస కత్తిరించుకుంటే తీరిపోయింది. ఆ తర్వాత కూడా గదికే కదా రావాలి. అప్పుడు ఏ అలమారా చాటుకు పోతావు?

ఖలీలుల్లాకు నేనే ఫోను చేశాను. నాకు దూరపు గదే రాయమన్నాను. గుండుగొలను నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వస్తున్నారట, నాలుగో మంచం నాది. బస్సెక్కలేకపోతే పాకుతూ వెళతాను. "మరి మీ జోడీ ఆవిడండీ?" అన్నాడు. "చావమనండి" అన్నాను. వేళాకోళమనుకుని నవ్వాడు. "మీరిద్దరూ భలేవారండీ. తొందర లేదులెండి, బాగా ఆలోచించుకోండి" అన్నాడు.

ఇంకో సంగతి చెబుతాను, విను. నీకు తెలియకపోవడం నాకు ఇష్టం లేదు.

గఫూర్ కొత్త పార కొన్నాడు. మాకు పొలం లేదు, చెరువు లేదు. పారెందుకు? రోజూ పొద్దున్నే టీ తాగి గడప మీద కూర్చుని దాన్ని సాన రాయి మీద రుద్దుతాడు. ఆ చప్పుడు వింటూ నేను నమాజు చేసుకుంటున్నాను. మొన్న అంచు చూసుకోవడానికి వీధిలో కోడి కనపడితే మెడ మీద వేశాడు. తల ఒకవైపు పడింది, ఒళ్ళు మా గుమ్మం దాకా పరిగెత్తింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. "సరిపోయిందమ్మా" అన్నాడు వాడు. ఆ కోడిని వండలేకపోయాను.

నీ సాక్ష్యంతో నీ కొడుకు విడుదలవుతాడు. లాయర్లందరూ అదే అంటున్నారు. అవనీ. మాలలు వేసి తీసుకెళ్ళండి. గఫూర్ తాడేపల్లిగూడెం బస్సెక్కుతాడు.

మీరాబీ

&nbsp;

తాడేపల్లిగూడెం,
నవంబరు.

మీరా,

దీనికి మాత్రం వెంటనే జవాబు రాయి. గఫూర్‌ను ఆపగలవా? ఆ పార తీసి కాలవలో పడెయ్యవే. వాడు నీ మాట వింటాడు.

నిన్న సుభానీని చూడటానికి జైలుకు వెళ్ళాను. చిక్కిపోయాడు. బుగ్గ మీద ఎవరో కొట్టిన వాపు. "అమ్మా, అదే మాట మీద ఉండు. బయటికి రాగానే నీ చేతి కోడికూర తింటా" అన్నాడు. కోడి అనగానే నీ ఉత్తరం గుర్తొచ్చింది. వాడి మెడ వైపు చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. చిన్నప్పుడు తాయెత్తు కట్టిన మెడ. నాకు వాడొక్కడే.

ఆపుతానని ఒక్క మాట రాయి చాలు. మక్కాకు రమ్మని ఇక అడగను. ఏ గదిలో ఉండమంటే ఆ గదిలో ఉంటాను.

కాశింబీ

&nbsp;

ఏలూరు,
నవంబరు.

ఆపను.

నీ కొడుకు జైల్లో ఉన్నన్నాళ్ళూ గఫూర్ చెయ్యి అందదు. బయటికి వచ్చిన రోజున అందుతుంది. నాకూ ఇద్దరు కొడుకులుండేవారు. ఒకణ్ణి నీ కొడుకు తిన్నాడు, రెండోవాణ్ణి ఉరికంబం తింటే తిననీ. నీకు ఒక్కడూ మిగలకూడదు.

మీరాబీ

&nbsp;

తాడేపల్లిగూడెం, ఆసుపత్రి,
డిసెంబరు.

మీరా,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి, ఓర్చుకో.

కోర్టు నుంచి ఇంటికి వచ్చి గ్లాసుడు మంచినీళ్ళు తాగానో లేదో, మా ఆయన కొట్లో తూకం రాయి తెచ్చారు. మొదటి దెబ్బ భుజం మీద. పడ్డాక ముఖం మీద. కుడి భుజం ముక్కలైంది, దవడ విరిగింది. "కన్నకొడుకుని పట్టిచ్చిన నోరు ఇదేనా" అంటూ కొట్టారు. పక్కింటి చంద్రకళ తలుపు పగలగొట్టించకపోతే చంపేసేవారే. ఆయన్ని పోలీసులు తీసుకెళ్ళారు. నా నోటికి తీగలు చుట్టారు. గంజి గొట్టంతో తాగుతున్నాను. ఫోనులో మాట్లాడాలన్నా మాట రాదు, నువ్వు కోరుకున్నట్టే.

నీ కోసం నిజం చెప్పాననుకోకు. వలి కోసమూ కాదు. నిజం కోసం అసలే కాదు. యావజ్జీవం పడుతుందని లాయరు అంటున్నాడు. పడనీ. గోడలుంటాయి, తాళాలుంటాయి, తుపాకులతో కాపలా ఉంటుంది. గఫూర్ పారకు అందని చోట నా కొడుకును దాచుకున్నాను. నువ్వే చూపించావు ఆ చోటు.

వాడు ఇక నా ముఖం చూడడు. కోర్టులోంచి తీసుకెళుతుంటే నా వైపు ఉమ్మాడు. చీర మీద పడింది. తుడుచుకోలేదు.

నేను ప్రయాణం చెయ్యలేను. ఖలీలుల్లా గారికి చెప్పి నా మంచం ఇంకెవరికైనా ఇప్పించు. నువ్వు మాత్రం దగ్గరి గదే తీసుకో. ఆ మోకాళ్ళతో బస్సులెక్కకు. మాఫీ అడగడం లేదు. ఆ మాట అడిగే నోరు ఇప్పుడు నాకు లేదు.

కాశింబీ

&nbsp;

ఏలూరు,
జనవరి.

కాశీ,

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, కలం పట్టుకున్నప్పుడల్లా తిట్లే వచ్చాయి. కొన్ని నిన్ను, కొన్ని నన్ను. అవన్నీ పొయ్యిలో పెట్టి ఇది రాస్తున్నాను.

ఆ రోజు కోర్టులో నేను రెండో వరసలో కూర్చున్నాను. పక్కన గఫూర్. నువ్వు బోనెక్కగానే నీ లాయరు ధీమాగా అడిగాడు, ఆ సాయంత్రం మీ అబ్బాయి ఎక్కడున్నాడమ్మా అని. నువ్వు జడ్జిని చూడలేదు, లాయరును చూడలేదు. నన్ను చూశావు.

"ఆ సాయంత్రం నేను కూర వండలేదండి" అన్నావు. ఆగావు.

"చీకటి పడుతుంటే వచ్చాడండి. చొక్కా తడిసిపోయి ఉందండి." ఆగావు.

"చేపల నెత్తురమ్మా అన్నాడండి. చేపకి అంత నెత్తురుండదండి. నేనే ఉతికానండి. పార మా ఉల్లిపాయల కొట్లో గోతాల కింద పెట్టాడండి."

ఒక్కో మాట అనడం, నా వైపు చూడటం, ఆగడం. లాయరు అరుస్తున్నాడు, జడ్జి గారు అతన్ని కూర్చోమంటున్నారు, నువ్వు మాత్రం నేనేదో అనేదాకా కదలనన్నట్టు నిలబడ్డావు. నాకు అర్థం కాలేదు. అర్థం కాకముందే నా నోరు "వేశా" అంది. మెల్లగానే అన్నాను. నీకు వినపడింది. తర్వాతి మాటకు వెళ్ళావు. చివరిదాకా అలాగే. నువ్వు చెప్పడం, నేను "వేశా" అనడం. మగ్గం దగ్గర ఎప్పుడూ చెప్పేది నేను, అనేది నువ్వు. నా కొడుకు చావును నువ్వు చెబుతుంటే నేను ముడి తర్వాత ముడి ఒప్పుకుంటూ కూర్చున్నాను. గఫూర్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఇంటికి వచ్చాక వాడు పార తీశాడు. సుభానీ అందడని తేలిపోయింది కదా, "వాడు కాకపోతే వాడి బాబు" అన్నాడు. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. తోశాడు. మగ్గం గుంజకు తగిలి నుదురు చిట్లింది. కళ్ళలోకి నెత్తురు దిగుతుంటే పాకి వెళ్ళి పార కర్ర పట్టుకున్నాను. విదిలించాడు. వదల్లేదు. వాడి ముంజేతిని నోటితో అందుకుని కొరికాను. ఊరికే కాదు, పళ్ళు దిగేలా. వాడు నా వీపు మీద గుద్దుతూనే ఉన్నాడు, నేను కొరుకుతూనే ఉన్నాను. చివరికి పార జారి కింద పడింది. వాడు చిన్నపిల్లాడిలా "అమ్మా, నొప్పి" అన్నాడు.

అప్పుడు వదిలాను. నా నోటినిండా వాడి నెత్తురు. వెచ్చగా, ఉప్పగా. వలిది కూడా ఇలాగే ఉండి ఉంటుంది అనిపించింది. వలి పోయాక నేను ఏడవలేదు, నీకు తెలుసు. తిట్టాను, శపించాను, ఏడవలేదు. ఆ రోజు గడప మీద కూర్చుని, వీధి వాళ్ళందరూ చేరేలా ఏడ్చాను. గఫూర్ చేతికి గుడ్డ చుట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. తర్వాత ఇద్దరం వెళ్ళి పారను కాలవలో వేశాం. ఆపనని నీకు రాశాను. ఆపాను. నీ కోసం కాదు. నువ్వు నీ కొడుకును దాచుకున్నావు, నేను నావాణ్ణి దాచుకున్నాను.

మీ ఆయన నిన్ను కొట్టిన సంగతి ఆ మర్నాడు తెలిసింది. నిజం చెబుతాను, ముందు సంతోషం కలిగింది. తర్వాత ఆసుపత్రికి వచ్చాను. నువ్వు నిద్రపోతున్నావు. ముఖం ఉబ్బి, నల్లబడి, నువ్వో కాదో తెలియలేదు. చేతి వేళ్ళు చూసి పోల్చుకున్నాను, ముడులు వేసి వేసి కాయలు కట్టిన వేళ్ళు. తలగడ పక్కకు జారిపోయి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ లేరు. నర్సు బయటికి వెళ్ళింది. నీ తల ఎత్తి దాన్ని కింద సరిగ్గా పెట్టి వచ్చేశాను. ఎందుకు పెట్టానో నన్ను అడగకు.

జనవరి బృందం వెళ్ళిపోయింది. గుండుగొలను వాళ్ళు ముగ్గురూ వెళ్ళారు, నేను వెళ్ళలేదు. ఖలీలుల్లాకు ఫోను చేసి, హజ్ అయ్యాక వానాకాలంలో వెళ్ళే బృందంలో మన పేర్లు రాయమన్నాను. "ఏ గదండీ?" అన్నాడు. దగ్గరిదే అన్నాను. రెండు మంచాలదే. బాత్‌రూములో గోడకు పట్టుకునే కమ్మీ ఉందా అని అడిగాను, ఒకామెకు మోకాళ్ళు లేవు, ఇంకొకామెకు భుజం లేదు అని చెప్పాను. "మీ ఇద్దరికీ ఏమైందండీ?" అన్నాడు పాపం. పడ్డామని చెప్పాను.

మాఫ్ చేశాననుకోకు. చెయ్యలేదు. చేస్తానో లేదో తెలియదు. ఆ చొక్కా ఉతికిన నీళ్ళు ఏ కాలవలో పోశావో అడగాలి. ఎన్నిసార్లు పిండావో అడగాలి. నా వాకిట్లో నిన్ను ఈడుస్తుంటే ఎందుకు నిలబడి చూశానో నువ్వు నన్ను అడగాలి. ఏలూరులో అడిగితే ఒకరినొకరం చంపుకుంటాం. అక్కడ చంపుకోలేం. నువ్వు చెప్పిందే నిజం. ఇహ్రాం తీరాక ఏం చేస్తానో మాత్రం మాట ఇవ్వను. నీకు ధైర్యముంటే రా.

కిటికీ పక్క మంచం నాది. గోడ పక్కది నీది, విరిగిన భుజం గోడ వైపు పెట్టుకుని పడుకో. ఎడమచేత్తో పొడుగు ఉత్తరం రాయనక్కర్లేదు. ఒక్క మాట రాసి పోస్టు చెయ్యి. ఏ మాటో నీకు తెలుసు, మగ్గం దగ్గర నువ్వు అనేదే. అది వచ్చేదాకా నేను ఖలీలుల్లాకు ఖాయం చెయ్యను.

మీరా